నాలుగు కాలేజీల ఉమ్మడి జీపీయూ క్లస్టర్: అనుమతులు నమ్మకపు స్కోరుతో ఇవ్వొచ్చా?

ల్యాబ్_తాళంచెవి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా జిల్లాలో నాలుగు ఇంజినీరింగ్ కాలేజీలు తమ జీపీయూ (భారీ లెక్కలు వేగంగా చేసే చిప్) సర్వర్లను ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చాయి. యూజర్ల పనులను (జాబ్‌లను) వరుసలో పెట్టి సర్వర్లకు పంచే స్లర్మ్ సాఫ్ట్‌వేర్‌తో నడుపుతున్నాం. తెలుగు మాటల రికార్డింగులు, వాటి రాతప్రతులు కూడా ఉమ్మడి స్టోరేజీలోనే ఉన్నాయి. క్లస్టర్ బాగోగులు చూసేది నేనే.

అనుమతులు ఇప్పటిదాకా హోదాను బట్టి ఇస్తున్నాం: విద్యార్థి, రీసెర్చ్ స్కాలర్, ఫ్యాకల్టీ, అడ్మిన్. ఒక్క కాలేజీ ఉన్నంతకాలం ఇది సరిపోయింది. ఇప్పుడు సరిపోవడం లేదు. డేటా శుభ్రం చేసే స్క్రిప్టులన్నీ చూసుకునే అమ్మాయి థర్డ్ ఇయర్ విద్యార్థిని, ఆమెకు ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు లేదు. ఎన్నో నెలలుగా లాగిన్ కాని ఫ్యాకల్టీకి మాత్రం మొత్తం చెరిపేసే హక్కు ఉంది. రాతప్రతులు దిద్దడానికి బయటి ఊళ్ల నుంచి వాలంటీర్లు వస్తున్నారు. వాళ్లకు ఏ హోదా ఇవ్వాలో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పక్క కాలేజీ పంపిన మనిషి ఎవరో వాళ్లకు తెలుసు, నాకు తెలియదు.

మనిషి చేసిన పనిని బట్టి నమ్మకాన్ని లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం అనుమతులు ఇచ్చే పద్ధతుల గురించి చదివాను. వీటిని నడిపినవాళ్లు, లోతుగా చదివినవాళ్లు చెప్పండి. ఏ లెక్క వాడాలి? దాన్ని ఎలా మోసం చేస్తారు? ఎక్కడ వాడకూడదు? నాకు మూడోదే ముఖ్యం.

శ్రావణి_నెట్‌సెక్

నా పీహెచ్‌డీ ఈ చుట్టుపక్కలే అండీ, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

నమ్మకాన్ని కంప్యూటర్ లెక్కించే రూపంలోకి తెచ్చిన తొలి పెద్ద ప్రయత్నం స్టీఫెన్ మార్ష్‌ది. 1994లో స్టిర్లింగ్ యూనివర్సిటీలో ఆయన చేసిన పీహెచ్‌డీ అదే. 1996లో మాట్ బ్లేజ్, జోన్ ఫైగెన్‌బామ్, జాక్ లేసీ ఇంకో దారి పట్టారు. ఫలానా డిజిటల్ తాళంచెవి ఉన్నవారికి ఫలానా పని చేసే హక్కు ఉందని ఎవరు హామీ ఇస్తున్నారో సంతకాల గొలుసుతో రుజువు చేయించడం వాళ్ల పద్ధతి. పాలసీమేకర్, దాని తర్వాత 1999 నాటి కీనోట్ అనే సిస్టమ్‌లు ఆ దారిలోవే.

మొదటి దారి ప్రవర్తనను చూస్తుంది, రెండోది హామీని చూస్తుంది. మీకు రెండూ కావాలి. పక్క కాలేజీ నుంచి వచ్చిన మనిషికి మొదటి రోజు హామీ తప్ప ఇంకేమీ ఉండదు. ఆరు నెలలు పని చేశాక హామీకంటే ఆ పనే ఎక్కువ చెబుతుంది.

ప్రవర్తన లెక్కకు బీటా పద్ధతితో మొదలుపెట్టండి. ఆడున్ యోసాంగ్, రోస్లాన్ ఇస్మాయిల్ 2002లో ప్రతిపాదించారు. బాగా ముగిసిన పనుల సంఖ్యకు ఒకటి కలపండి. దాన్ని మొత్తం పనులకు రెండు కలిపిన సంఖ్యతో భాగించండి. కొత్తవారికి 1/2, అంటే 0.5. ఎనిమిది పనులు చేసి ఎనిమిదీ బాగుంటే 9/10, అంటే 0.9. ఎక్సెల్‌లో కూడా చేసుకోవచ్చు, ఎందుకు వచ్చిందో ఎవరికైనా వివరించొచ్చు. అనుమతుల విషయంలో ఈ వివరించగలగడం చాలా పెద్ద గుణం.

వరంగల్_వైర్

అక్కా, నాకొక డౌటు. కొత్తోళ్లకు 0.5 అన్నరు. పది పనులు చేసి ఐదు చెడగొట్టినోనికి కూడా 6/12, అంటే 0.5 నే గదా? వాన్ని, నిన్న వచ్చిన పిల్లగాన్ని సిస్టమ్ ఒక్కతీరుగ చూస్తదా? గిట్లయితే నాకు మంచిగ అనిపిస్తలేదు.

శ్రావణి_నెట్‌సెక్

తమ్ముడూ, సరిగ్గా అక్కడే ఒక్క అంకె చాలదు. యోసాంగ్ సబ్జెక్టివ్ లాజిక్ ఈ చిక్కు తీరుస్తుంది. అందులో ఒక అభిప్రాయానికి మూడు భాగాలుంటాయి: నమ్మకం, అపనమ్మకం, ఇంకా తెలియనితనం. మూడూ కలిపితే ఒకటి. మంచి పనులను, చెడ్డ పనులను వేరువేరుగా మొత్తానికి రెండు కలిపిన సంఖ్యతో భాగిస్తే మొదటి రెండు వస్తాయి. మిగిలింది తెలియనితనం.

నిన్న వచ్చినవారికి నమ్మకం 0, అపనమ్మకం 0, తెలియనితనం 1. నువ్వు చెప్పిన ఐదు-ఐదు మనిషికి నమ్మకం 5/12, అపనమ్మకం 5/12, తెలియనితనం 2/12. సగటు రెండిటికీ 0.5 వచ్చినా చేయాల్సింది వేరు. మొదటివారికి చిన్న పని ఇచ్చి చూడాలి. రెండోవారితో కూర్చుని మాట్లాడాలి.

లాగ్‌లో ఈ మూడింటినీ విడివిడిగా దాచమనే నా మనవి. ఒక్క స్కోరుగా కలిపేశాక మళ్లీ విడదీయలేం.

పాత_యూనిక్స్

ఉద్యోగమంతా యూనిక్స్ సర్వర్ల దగ్గరే గడిపినవాణ్ణి. లెక్క బాగుందమ్మా శ్రావణీ, కానీ ఆ లెక్క చేతికి తాళాలిచ్చే ముందు నా అభ్యంతరం వినండి.

అదే సూత్రంలో 98 మంచి పనులు చేసిన మనిషిని తీసుకోండి. 99/100, అంటే 0.99. ఆ మనిషి తొంభై తొమ్మిదో పనిగా మొత్తం డేటా తుడిచేశాడు. ఇప్పుడు స్కోరు 99/101, దాదాపు 0.98. నూరో వంతు తగ్గింది, అంతే. ఒక స్పెల్లింగు దిద్దడమూ, సర్వర్ తుడిచేయడమూ ఈ లెక్కకు ఒకే బరువు.

చిట్టీలు నడిపిన ఇళ్లలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. మొదటి నెలల వాయిదాలు ఒక్కరోజు కూడా తప్పకుండా కట్టి, పాట పాడి డబ్బు చేతిలో పడ్డాక ఊరు వదిలి పోయేవాడితోనే ప్రమాదం. అందుకే పాడుకున్నవాడు ఎన్ని వాయిదాలు కట్టినా సరే, డబ్బిచ్చే ముందు జామీను అడుగుతారు.

ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో 2024లో జరిగింది ఇదే. ‘జియా టాన్’ పేరుతో ఒకరు 2021 నుంచి ఓపిగ్గా ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపి, సహ నిర్వాహకుడి స్థానం దాకా వెళ్లి, చివరికి దొంగచాటుగా సర్వర్లలోకి చొరబడే వెనక దారి పెట్టారు. ఆ మనిషి స్కోరు ఏ పద్ధతిలో లెక్కగట్టినా 2024 ఫిబ్రవరిలో అద్భుతంగా ఉండేది. నమ్మకపు లెక్కలతో తాళాలు తెరిచేవాళ్లందరూ ముందు ఈ కేసును తమ సూత్రంలో పెట్టి చూసుకోవాలి.

మ్యూనిక్_మధ్యాహ్నం

ఇక్కడ జర్మనీలో మా టీమ్ ఎక్స్‌జెడ్ సంగతి బయటపడ్డ వారాంతమంతా సర్వర్ల వెర్షన్లు సరిచూసుకుంటూ గడిపింది. పాత_యూనిక్స్ గారు చెప్పినదానికి కొన్ని వివరాలు చేరుస్తాను. మన ప్రశ్నకు జవాబు ఆ వివరాల్లోనే ఉంది.

ఎక్స్‌జెడ్‌ను అప్పటికి లాస్ కోలిన్ ఒక్కరే, జీతం లేకుండా చూసుకుంటున్నారు. 2022లో మెయిలింగ్ లిస్టులో ముక్కూ మొహం తెలియని కొన్ని ఖాతాలు ‘పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించండి’ అని ఆయన మీద ఒత్తిడి పెట్టాయి. ఆ ఖాతాలు మరెక్కడా కనిపించలేదు. అంటే జియా టాన్ మంచి పనులతో పాటు కృత్రిమమైన సిఫార్సు కూడా నడిచింది.

చెడ్డ కోడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో వచ్చింది. టెస్టు ఫైళ్ల ముసుగులో దాచారు. దాన్ని బయటికి తీసే స్క్రిప్టు ముక్క అందరూ చూసే గిట్ కోడ్ రిపాజిటరీలో లేదు, విడుదల చేసిన టార్ ఫైల్లో (దింపుకునే కట్టలో) మాత్రమే ఉంది. నా దృష్టిలో ఇదే కీలకం. కోడ్ పంపడం అందరి కళ్ల ముందు జరిగే పని. టార్ ఫైలు తయారుచేసి సంతకం పెట్టడం ఒక్క మనిషి తన మెషీన్ మీద చేసే పని. మొదటి పనిలో సంపాదించిన నమ్మకం, ఎవరూ అడగకుండానే, రెండో పనికి బదిలీ అయిపోయింది.

పట్టుకున్నది కూడా ఏ స్కోరూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తన డెబియన్ లైనక్స్ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం కావడం చూసి తవ్వుకుంటూ వెళ్లారు. 2024 మార్చి 29న బయటపెట్టారు.

కాబట్టి నా మొదటి సూచన: ఒక మనిషికి ఒక స్కోరు వద్దు. ఒక మనిషికి ఒక్కో రకం పనికి ఒక్కో స్కోరు. రాతప్రతులు దిద్దడంలో 0.95 ఉన్నవారికి స్టోరేజీ పాలసీ మార్చడంలో తెలియనితనం 1 గానే ఉండాలి.

ల్యాబ్_తాళంచెవి

పాత_యూనిక్స్ గారూ, మధ్యాహ్నం గారూ, మీరు చెప్పింది వింటే మొత్తం ఆలోచనే మానుకోవాలా అనిపిస్తోంది. కానీ హోదాతో ఇచ్చే పద్ధతిలో జియా టాన్ ఏమన్నా ఆగేవాడా? ‘సహ నిర్వాహకుడు’ కూడా హోదానే కదా. రోజూ వచ్చే వినతుల్లో ఎక్కువ భాగం చిన్నవి: ఇంకో జీపీయూ కావాలి, ఇంకో ఇరవై క్లిప్పులు కావాలి. అవన్నీ నా ఇన్‌బాక్స్‌లో ఆగిపోతున్నాయి.

కర్నూలు_కూర్పరి

తెలుగు వికీపీడియాలో, ఇంగ్లిష్ వికీపీడియాలో చాలాకాలంగా రాస్తున్నాను. మీ వాలంటీర్ల సమస్య మాకు పాత పరిచయమే.

ఇంగ్లిష్ వికీపీడియాలో గొడవలెక్కువ జరిగే వ్యాసాలను దిద్దాలంటే ఖాతాకు 30 రోజుల వయసు, 500 దిద్దుబాట్లు ఉండాలి. అవి రెండూ పూర్తికాగానే సాఫ్ట్‌వేరే హక్కు ఇచ్చేస్తుంది. సాదాసీదా నమ్మకపు లెక్క అంటే ఇదే, లక్షల మంది మీద నడుస్తోంది. దాని బలహీనతా తెలిసిందే. ఒక కామా పెట్టి, ఒక కామా తీసి 500 దాటించేవాళ్లు ఉంటారు. అలా చేసినట్టు తేలితే నిర్వాహకులు ఆ హక్కును వెనక్కి తీసుకుంటారు. సంఖ్యను లెక్కపెడతామని చెప్పిన రోజు నుంచే మనుషులు ఆ సంఖ్య కోసం పనిచేయడం మొదలుపెడతారు.

దీనికంటే మెరుగైన ఆలోచన 2007లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంతాక్రూజ్‌లో లూకా డి అల్ఫారో, థామస్ ఆడ్లర్ చేశారు. తర్వాత వికీట్రస్ట్ అనే పనిముట్టుగా వచ్చింది. ఎన్ని దిద్దుబాట్లు చేశారన్నది కాకుండా, మీరు రాసింది తర్వాత వచ్చినవాళ్ల దిద్దుబాట్లలో ఎంత నిలిచిందన్నది చూస్తుంది. మీ తర్వాత వచ్చిన మంచి పరపతి ఉన్న రచయిత మీ వాక్యాన్ని ఉంచితే మీ పరపతి పెరుగుతుంది, కొట్టేస్తే తగ్గుతుంది. ఎవరూ ఎవరికీ ఓట్లు వేయనక్కర్లేదు. తక్కువ నమ్మకం ఉన్న పాఠ్యం వెనక నారింజ రంగు వచ్చేది.

మీ రాతప్రతులకు ఇది అచ్చంగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎవరూ తిరిగి చూడని దిద్దుబాటును ‘నిలిచినట్టు’ లెక్కపెట్టకండి. ఇంకో మనిషి ఆ క్లిప్పు విని అలాగే వదిలేస్తేనే లెక్క. జవాబు ముందే తెలిసిన కొన్ని క్లిప్పులను మధ్యలో కలిపి ఇస్తే ఇంకా త్వరగా తెలుస్తుంది. యాస గురించి కూడా చెప్పాలి. సీమ మాట విని కోస్తా వాళ్లు ‘తప్పు’ అని దిద్దేస్తే, సరిగ్గా రాసిన మా కర్నూలు పిల్లల స్కోరు అన్యాయంగా పడిపోతుంది. యాస తెలిసినవాళ్లకే ఆ క్లిప్పు రెండోసారి వెళ్లేలా చూడండి.

వరంగల్_వైర్

యాస ముచ్చట బాగ చెప్పిన్రు కూర్పరి గారు, మా దిక్కు మాటలను కూడా గట్లనే దిద్దుతరు.

నా ప్రశ్న దొంగ ఖాతాల గురించి. ఒక్కడే ఇరవై ఖాతాలు తెరిచి, ఒకదానికొకటి ‘మంచిగ చేసిండు’ అని సిఫార్సు చేసుకుంటే? రెండోసారి వినెటోడు కూడా వాడే అయితే? స్కోరు పడిపోయినోడు పాత ఖాతా పారేసి కొత్త పేరుతోని వస్తే? కొత్తోనికి 0.5 ఇస్తున్నం కాబట్టి చెడ్డపేరు కంటె కొత్తపేరే లాభం గదా.

శ్రావణి_నెట్‌సెక్

మూడూ నిజమైన దాడులే తమ్ముడూ. మొదటిదాన్ని సిబిల్ దాడి అంటారు. 2002లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జాన్ డూసర్ చూపించిన విషయం ఏంటంటే, ఏ ఖాతా ఎవరిదో తేల్చి చెప్పే ఒక కేంద్ర సంస్థ లేకుండా దీన్ని ఆచరణలో పూర్తిగా ఆపలేం. ఇక్కడ మన అదృష్టం, కాలేజీలు ఉన్నాయి. అడ్మిషన్ నంబరు ఇచ్చేది వాళ్లే. బయటి వాలంటీర్లకు మాత్రం ఎవరో ఒకరి హామీ తప్పనిసరి.

సిఫార్సుల లెక్కకు రెండు పాత ఆలోచనలు చూడండి. ఒకటి ఐగెన్‌ట్రస్ట్, 2003, స్టాన్‌ఫోర్డ్. ఫైళ్లు పంచుకునే పీర్-టు-పీర్ నెట్‌వర్క్‌ల కోసం చేశారు. నేను నమ్మేవాళ్లు ఎవరిని నమ్ముతున్నారు, వాళ్లు ఎవరిని నమ్ముతున్నారు అంటూ మాత్రికను మళ్లీ మళ్లీ గుణిస్తే అందరికీ ఒక ఉమ్మడి విలువ వస్తుంది. ఒకరినొకరు పొగుడుకునే ముఠాల పట్టు తగ్గించడానికి ముందే నమ్మకస్తులని ఎంచుకున్న కొద్దిమందికి ప్రతి అడుగులో కొంత బరువు ఇస్తారు.

రెండోది రాఫ్ లెవియన్ ఓపెన్ సోర్స్ డెవలపర్ల అడ్వొగాటో సైట్ కోసం చేసిన పద్ధతి. మీకు ఇదే నప్పుతుంది. నమ్మకం మూలం నుంచి గొట్టాల్లో పారే నీళ్లలా బయలుదేరుతుంది, ప్రతి మనిషి ద్వారా ఇంతకంటే ఎక్కువ పోకూడదని హద్దు ఉంటుంది. మోసగాడు తన వెనక వెయ్యి ఖాతాలు పుట్టించినా, అతనికి పొరపాటున హామీ ఇచ్చిన నిజమైన మనిషి గొట్టంలో పట్టేంతే ఆ వెయ్యిమందికీ కలిపి అందుతుంది. ఒక్కో కాలేజీని ఒక మూలంగా పెట్టండి.

ఇంకో హెచ్చరిక. ‘ఇతను పని బాగా చేస్తాడు’ వేరు, ‘ఇతను మంచివాళ్లను ఎంచగలడు’ వేరు. మెయిళ్లకు తాళం వేసే పీజీపీ సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడా ఉంది: ఒక తాళంచెవి నిజంగా ఆ మనిషిదే అని నమ్మడం ఒకటి, ఆ మనిషి వేరేవాళ్ల తాళాలకు పెట్టే సంతకాన్ని నమ్మడం ఇంకొకటి. దాని ఓపెన్ సోర్స్ రూపమైన జీఎన్‌యూపీజీ మామూలు అమరికలో పూర్తిగా నమ్మినవారి సంతకం ఒకటి గానీ, కొంతవరకు నమ్మినవారివి మూడు గానీ కావాలి, గొలుసు లోతు ఐదుకు మించకూడదు. సిఫార్సు తప్పని తేలితే, చేసినవారి సిఫార్సు హక్కు స్కోరు తగ్గించండి, వాళ్ల సొంత పని స్కోరు ముట్టుకోకండి.

కొత్త పేరుతో తిరిగి రావడం గురించి: కొత్తవారికి సగటు 0.5 చూసి తలుపు తీస్తేనే అది లాభం. తెలియనితనం ఎక్కువ ఉన్నప్పుడు నమ్మకం భాగాన్ని మాత్రమే చూస్తే, కొత్తవారికి 0. అప్పుడు పేరు మార్చడం వల్ల వచ్చేదేమీ ఉండదు.

హరిత_ఫైనలియర్

అక్కా, అందరూ దాడుల గురించే మాట్లాడుతున్నారు. నేను అటువైపు నిలబడి అడుగుతున్నాను. మాది చిన్న కాలేజీ. నేను ఇలాంటి క్లస్టర్‌లోనే ప్రాజెక్టు చేస్తున్నాను.

‘చెడ్డ పని’ అంటే ఏమిటో ఎవరు నిర్ణయిస్తారు? నా జాబ్‌లు చాలా ఫెయిల్ అవుతాయి. మెమరీ చాలక ఆగిపోతాయి, కోడ్‌లో తప్పుంటుంది. నేర్చుకునేటప్పుడు అలాగే ఉంటుంది. ఫెయిలైన జాబ్ నా నమ్మకాన్ని తగ్గిస్తే నేను ప్రయోగాలు మానేసి, పక్కాగా పూర్తయ్యే చిన్న జాబ్‌లే వేస్తాను. సీనియర్లు చేసిన కోడ్ తీసుకుని నడిపేవాడికి 0.95, సొంతంగా రాసుకునే నాకు 0.6 వస్తాయి. అది నా మీద నమ్మకాన్ని కొలవడం కాదు.

ఇంకో భయం. 2021 ఏప్రిల్‌లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు పరిశోధన పేరుతో కావాలని తప్పుడు ప్యాచ్‌లు పంపారని తేలినప్పుడు, లైనక్స్ కెర్నల్‌లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ యూనివర్సిటీ నుంచి వచ్చే ప్యాచ్‌లన్నీ ఆపేశారు. పాత ప్యాచ్‌లను తిరిగి చూస్తే ఎక్కువ భాగం సరైనవే అని తర్వాత తేలింది. కెర్నల్ వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ యూనివర్సిటీలో నిజాయితీగా పనిచేసినవాళ్లు కూడా దాని కింద పడ్డారు. కాలేజీని ‘మూలం’గా పెట్టి, ఒకడు తప్పు చేస్తే కాలేజీ గొట్టం మూసేస్తే మాలాంటివాళ్ల గతి ఏమిటి?

పాత_యూనిక్స్

హరితా, ఇంత స్పష్టంగా అడిగినందుకు సంతోషం తల్లీ. జాబ్ ఫెయిల్ కావడం సామర్థ్యానికి సంబంధించింది, నమ్మకానికి కాదు. రెంటినీ కలిపే అడ్మిన్ తన యూజర్లను శత్రువులుగా మార్చుకుంటాడు. చెడ్డ పని అంటే నా లెక్కలో ఇవి: ఇతరుల ఫోల్డర్లలోకి దూరే ప్రయత్నం, తన ఖాతా ఇంకొకరికి ఇవ్వడం, ప్రాజెక్టు పేరుతో క్రిప్టో మైనింగ్, డేటాను ఒప్పందం దాటి బయటికి పంపడం. వీటిలో ఏదీ పొరపాటున జరిగిపోయేది కాదు. మైనింగ్ బెడద ఎంత నిజమో చెప్పాలంటే, 2021లో కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ దానివల్లే మొదటిసారి ప్యాచ్ పంపేవారి యాక్షన్స్ (కోడ్‌ను దానంతటదే నడిపే సేవ) జాబ్‌లకు నిర్వాహకుడి ఆమోదం తప్పనిసరి చేసింది.

కాలేజీ గొట్టం విషయంలో: కొత్త ఖాతాలకు హామీ ఇచ్చే హక్కు కొన్నాళ్లు ఆపొచ్చు. అప్పటికే సొంత పనితో పేరు తెచ్చుకున్నవారిది తగ్గించకూడదు. దీన్ని ముందే రాతలో పెట్టుకోవాలి. గొడవ జరిగిన రోజు కూర్చుంటే ఎవరూ న్యాయంగా ఆలోచించలేరు.

ఇక నా అసలు మాట. తాళంచెవి గారూ, మనిషిని కొలిచే ముందు పనులను కొలవండి. మీ సిస్టమ్‌లో ఉన్న ప్రతి పని పక్కన ఒక ప్రశ్న రాయండి: ఇది తప్పుగా జరిగితే ఎంతసేపట్లో వెనక్కి తేగలం? ఒక జీపీయూ ఎక్కువ ఇచ్చారు, దుర్వినియోగం జరిగింది, జాబ్ ఆపేస్తే పోయింది. అక్కడ స్కోరు చాలు. మెషీనే నిర్ణయించనివ్వండి. రికార్డింగుల మూల ఫైళ్లు పోతే? ఆ గొంతుల్లో కొన్ని వృద్ధులవి, మళ్లీ దొరకవు. అక్కడ 0.99 ఉన్నా 1 ఉన్నా ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు కాలేజీల నుంచి, ఒప్పుకుంటేనే జరగాలి. నాకైనా అంతే, మీకైనా అంతే.

మ్యూనిక్_మధ్యాహ్నం

పూర్తిగా ఏకీభవిస్తాను. దానికి ఇంకో అడుగు: వెనక్కి తేలేని పనులను వీలైనన్ని వెనక్కి తేగలిగేవిగా మార్చేయండి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో దాచే ప్రతులు) రోజూ తీసి, వాటిని చెరిపే హక్కు మామూలు అడ్మిన్ ఖాతాకు కూడా ఇవ్వకపోతే, ‘చెరపడం’ అనే పని ప్రమాదం సగానికి పైగా పోతుంది. అప్పుడు ఆ థర్డ్ ఇయర్ అమ్మాయికి రాసే హక్కు ఇవ్వడానికి గొప్ప స్కోరు అక్కర్లేదు. సూత్రాన్ని మెరుగుపరచడానికి పెట్టే శ్రమలో కొంత ఇక్కడ పెడితే ఫలితం ఎక్కువ.

ప్రోగ్రాములను విడి పెట్టెల్లో (కంటైనర్లలో) నడిపే డాకర్ వాడుతుంటే యూజర్లను డాకర్ గ్రూపులో చేర్చకండి. అది దాదాపు రూట్ (మెషీన్ మీద పూర్తి హక్కు) ఇచ్చినట్టే. రూట్ లేకుండా అదే పని చేసే ఆప్‌టైనర్‌కు మారండి. స్కోరు ఎంత జాగ్రత్తగా లెక్కగట్టినా ఇలాంటి పక్క తలుపు ఒకటి తెరిచి ఉంటే అంతా వృథా.

ల్యాబ్_తాళంచెవి

ఇవన్నీ చదివి, పక్క కాలేజీ అడ్మిన్లతో కూడా మాట్లాడి ఒక ముసాయిదా రాశాను. తప్పులు పట్టండి.

కొత్తవారు కాలేజీ హామీతో వస్తారు. హామీ ఇచ్చే ఒక్కో ఫ్యాకల్టీకి ఒక సెమిస్టరులో ఇంతమందికే అని హద్దు. మూడు రకాల పనులకు మూడు వేర్వేరు ఖాతా పుస్తకాలు: జీపీయూ వాడకం, రాతప్రతులు, ఉమ్మడి స్క్రిప్టులు. ఒకదానిలో సంపాదించింది ఇంకోదానికి పోదు. మూడింటిలోనూ నమ్మకం, అపనమ్మకం, తెలియనితనం విడివిడిగా దాస్తాం. తలుపు తీసేది నమ్మకం భాగాన్ని చూసే. జీపీయూ విషయంలో స్లర్మ్‌లో మూడు క్యూఓఎస్ (ఎవరికెంత వాటా, ప్రాధాన్యం అన్న అమరిక) స్థాయిలు పెట్టి, పుస్తకాన్ని బట్టి స్క్రిప్టే స్థాయి మారుస్తుంది. ఫెయిలైన జాబ్ ఏ పుస్తకంలోకీ రాదు. రాతప్రతులకు కూర్పరి గారు చెప్పిన ‘నిలిచిన దిద్దుబాటు’ లెక్క.

మూల రికార్డింగులు, స్నాప్‌షాట్లు, వాలంటీర్ల వ్యక్తిగత వివరాలు, ఈ లెక్కగట్టే స్క్రిప్టు: ఈ నాలుగింటికీ స్కోరుతో సంబంధం లేదు. రెండు కాలేజీల నుంచి ఇద్దరు ఒప్పుకోవాలి.

పాత పనుల బరువు వారానికి పదో వంతు చొప్పున తగ్గుతూ పోతుంది. అంటే వారానికి ఒక మంచి పని చేసే మనిషి పుస్తకం ఎంత కాలమైనా పది పనుల బరువు దాటదు, స్కోరు 11/12 దగ్గర, సుమారు 0.92 వద్ద ఆగుతుంది. వందల చిన్న పనులు కూడబెట్టి ఒక్క రోజున వాడుకునే దారి దీనితో చాలావరకు మూసుకుంటుందని నా ఉద్దేశం.

హరిత_ఫైనలియర్

అన్నా, ఫెయిలైన జాబ్‌లు తీసేసినందుకు థాంక్స్. కానీ వారానికి పదో వంతు అంటే పరీక్షల నెలలో, సంక్రాంతి సెలవుల్లో లాగిన్ కానివాళ్లందరూ కిందికి పడిపోతారు. ఇంట్లో ఒంట్లో బాగాలేక రెండు నెలలు రానివాళ్లు కూడా. వాళ్లేం తప్పు చేశారు?

కర్నూలు_కూర్పరి

డిస్కోర్స్ ఫోరమ్ సాఫ్ట్‌వేర్ పద్ధతి చూడండి. 0 నుంచి 4 వరకు నమ్మకపు స్థాయిలుంటాయి. మామూలు అమరికలో మూడో స్థాయి మాత్రమే గత 100 రోజుల చురుకుదనం మీద ఆధారపడుతుంది, తగ్గితే జారుతుంది. రెండో స్థాయి అలా జారదు. నాలుగోది లెక్కతో రాదు, మనుషులే ఇవ్వాలి. అలాగే మీరూ కింది రెండు స్థాయిలకు అరుగుదల పెట్టకండి. పెద్ద స్థాయికే పెట్టండి. హరిత చెప్పిన సెలవు సమస్య చాలావరకు తీరుతుంది.

శ్రావణి_నెట్‌సెక్

క్యాలెండర్‌తో కాకుండా పనితో అరిగించినా సరిపోతుంది. కొత్త పని చేరినప్పుడే పాతవాటి బరువు తగ్గేలా. అప్పుడు సెలవుల్లో ఏమీ మారదు. పది పనుల హద్దు మాత్రం అలాగే ఉంటుంది. అయితే చాలాకాలం మూతపడ్డ ఖాతా మళ్లీ తెరుచుకున్నప్పుడు ఆ మనిషేనా అన్న ప్రశ్న వేరే ఉంటుంది, దాన్ని స్కోరుతో కలపొద్దు.

వరంగల్_వైర్

అదే అడుగుదామనుకుంటున్న. స్కోరు మనిషిది గాదు, ఖాతాది. హరిత లాప్‌టాప్‌ల ఎస్‌ఎస్‌హెచ్ కీ ఎవడన్న ఎత్తుకపోతే హరిత సంపాదించిన నమ్మకమంతా వాని చేతికి పోయినట్టే గదా?

మ్యూనిక్_మధ్యాహ్నం

అవును. గూగుల్ తన ఉద్యోగులకు అనుమతులిచ్చే పద్ధతి బియాండ్‌కార్ప్ గురించి 2014 నుంచి రాసిన వ్యాసాల్లో యూజర్‌తో పాటు పరికరానికి కూడా నమ్మకపు స్థాయి ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2020 ఆగస్టులో తెచ్చిన జీరో ట్రస్ట్ (ఎవరినీ ముందే నమ్మేయని పద్ధతి) పత్రం 800-207లో కూడా ప్రతి వినతి దగ్గరా యూజర్, పరికరం, పాత ప్రవర్తన అన్నీ చూసి తేల్చే నమ్మకపు అల్గారిథమ్ గురించి ఉంది. కాలేజీల స్థాయిలో అంత అక్కర్లేదు. శాశ్వతమైన కీల బదులు ఒక్క రోజే చెల్లే ఎస్‌ఎస్‌హెచ్ సర్టిఫికెట్లు ఇవ్వండి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఈ వసతి 2010 నుంచి ఉంది. ఉదయం కాలేజీ లాగిన్‌తో తీసుకుంటారు, రాత్రికి పనికిరాకుండా పోతుంది. పై స్థాయి వాళ్లకు యూఎస్‌బీ సెక్యూరిటీ కీ కూడా.

పాత_యూనిక్స్

ముసాయిదా బాగుంది. అయినా స్కోరు చూసి మెషీన్ తలుపు తీయడం మీద నా అనుమానం పూర్తిగా పోలేదు, అది దాచను. ఒక పని చేయండి. ఒక సెమిస్టరు పాటు స్కోరు లెక్కగట్టండి గానీ దాన్ని అమలు చేయకండి. ఎప్పటిలాగే మీరే అనుమతులివ్వండి. మీరు ‘సరే’ అన్నచోట మెషీన్ ‘వద్దు’ అన్నవి, మీరు ‘వద్దు’ అన్నచోట మెషీన్ ‘సరే’ అన్నవి జాబితా రాయండి. రెండో జాబితా ప్రమాదాన్ని చెబుతుంది. మొదటి జాబితాలో ఒకే కాలేజీ వాళ్లో, ఒకే యాస వాళ్లో, అమ్మాయిలో ఎక్కువ కనిపిస్తే లెక్కలో అన్యాయం ఉన్నట్టు.

ఎవరి స్థాయి ఎందుకు తగ్గిందో వాళ్ల పేజీలో వాళ్లకు కనబడాలి. తప్పనుకుంటే అడగడానికి ఒక మనిషి పేరు ఉండాలి. లాగ్‌లు ఎంతకాలం ఉంచుతారో విద్యార్థులకు ముందే చెప్పండి, వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం కూడా వచ్చింది.

ల్యాబ్_తాళంచెవి

తప్పకుండా సర్. వచ్చే సెమిస్టరు అమలు లేకుండానే నడుపుతాం. అరుగుదల శ్రావణి గారు చెప్పినట్టు పనిని బట్టి, పై స్థాయికి మాత్రమే. తేడాల జాబితాను నాలుగు కాలేజీల అడ్మిన్లతో పాటు ఒక్కో కాలేజీ నుంచి ఒక విద్యార్థి కూడా చూసేలా పెడుతున్నాను. పేర్లు తీసేసి ఇక్కడ కూడా పెడతాను. ఈలోపు స్నాప్‌షాట్ల హక్కు, డాకర్ గ్రూపు సంగతి ఈ వారమే సరిచేస్తాం, వాటికి ఏ స్కోరూ అక్కర్లేదు కాబట్టి. ఆ థర్డ్ ఇయర్ అమ్మాయికి రాసే హక్కు స్నాప్‌షాట్లు మొదలైన రోజే ఇస్తున్నాను.